ఆటకు ముందు ఒంటికాలి మీద అర నిమిషం

సంక్రాంతి సెలవులైనా వేసవి సెలవులైనా సరే, వచ్చాయంటే మా ఫిజియోథెరపీ గదికి చీలమండ వాచిన కుర్రవాళ్లు వరుసగా వస్తారు. కొందరిది కబడ్డీ, ఎక్కువమందిది వాలీబాల్. "ఎలా జరిగింది బాబూ?" అంటే జవాబు దాదాపు ఒకటే: "బంతి కొట్టి కిందికి దిగేటప్పుడు పక్కవాడి పాదం మీద పడ్డాను సార్, కాలు మడత పడింది." ఆటకు ముందు వార్మప్ చేశావా అని అడిగితే కొందరు నవ్వేస్తారు. కొందరు మాత్రం, "చేశాను సార్, కాళ్లు బాగా సాగదీశాను" అంటారు. ఆ రెండో జవాబు గురించే ఈసారి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

వార్మప్ అంటే కండరాలను వేడెక్కించడం అని అందరికీ తెలుసు. అది నిజమే. వేడెక్కిన కండరం చురుగ్గా ముడుచుకుంటుంది, నరాల్లో సంకేతాలు వేగంగా నడుస్తాయి. కానీ ఆటగాడికి మరో అవసరం కూడా ఉంది. ఎగిరి దిగినప్పుడు, ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు ఒళ్లు తూలకుండా నిలబడాలి. దీన్నే బ్యాలెన్స్ అంటున్నాం.

గోడ పక్కన నిలబడి ఒక కాలు ఎత్తి చూడండి. సులభంగానే నిలబడతారు. ఇప్పుడు కళ్లు మూసుకోండి. పాదం అటూ ఇటూ వణకడం తెలుస్తుంది కదా? మనం ఎలా నిలబడి ఉన్నామో మెదడుకు కబురు చెప్పేవి ముఖ్యంగా మూడు: కళ్లు, లోపలి చెవి, కండరాల్లోనూ కీళ్లలోనూ ఉండే సూక్ష్మమైన నరాల కొసలు. కళ్లు మూస్తే మిగిలిన రెండింటి మీదే భారం పడుతుంది. ఆటలో మన చూపు ఎలాగూ బంతి మీదే ఉంటుంది, కాలి మీద ఉండదు. కాబట్టి చీలమండ తన కబురు తానే సరిగా చెప్పుకోవాలి.

మరి సాగదీస్తే ఏమవుతుంది? 2004లో కెనడా పరిశోధకులు 16 మంది యువకులతో ఒక పరీక్ష చేశారు. ఒకరోజు తొడ కండరాలనూ పిక్కలనూ 45 సెకన్ల చొప్పున పలుమార్లు కదలకుండా సాగదీయించి, ఊగే పలక మీద నిలబెట్టారు. మరో రోజు సాగదీయించకుండా నిలబెట్టారు. సాగదీయని రోజు వారి బ్యాలెన్స్ మెరుగైంది, సాగదీసిన రోజు తగ్గింది. ఎక్కువసేపు లాగిపెట్టిన కండరం కొద్దిసేపు సడలి, బలాన్నీ స్పందనలో చురుకునూ కోల్పోవడమే దీనికి కారణమని భావిస్తున్నారు. అయితే సాగదీయడమే తప్పనుకోవద్దు. 2009లో స్త్రీలతో చేసిన మరో పరీక్షలో 45 సెకన్లు పట్టి ఉంచితే మార్పు కనిపించలేదు, 15 సెకన్లే పట్టి ఉంచితే బ్యాలెన్స్ కొంత మెరుగైంది. నిదానంగా, ఎక్కువసేపు సాగదీయాలనుకుంటే ఆట అయ్యాక చేసుకోండి. ఆటకు ముందు కదులుతూ చేసేవే మేలు.

అలా కదులుతూ చేసే వార్మప్‌కు మంచి ఉదాహరణ ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం రూపొందించిన ఫిఫా 11 ప్లస్. మొత్తం 20 నిమిషాలు. మొదట 8 నిమిషాలు తేలికపాటి పరుగు, మధ్యలో 10 నిమిషాలు బలానికి, ఒంటికాలి నిలకడకు, ఎగిరి దిగడానికి సంబంధించిన వ్యాయామాలు, చివర 2 నిమిషాలు వేగం పెంచిన పరుగు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లలు 1,892 మందితో దీన్ని ఒక సీజన్ పొడవునా పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఈ వార్మప్ చేసిన క్లబ్బుల్లో మొత్తం గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైనవి దాదాపు సగానికి తగ్గాయి. కాళ్ల గాయాలను మాత్రమే విడిగా లెక్కిస్తే వచ్చిన తేడా గట్టిగా చెప్పగలిగినంత స్పష్టంగా లేదు. అయినా ఖర్చు లేని పనికి ఇది తక్కువ ఫలితమేమీ కాదు.

మన ఊరి వాలీబాల్ కుర్రాళ్లకు 20 నిమిషాలు దొరక్కపోతే పదైనా కేటాయించండి. నాలుగైదు నిమిషాలు మెల్లగా పరుగెత్తండి, పక్కకు, వెనక్కు కూడా అడుగులు వేయండి. తర్వాత ఒక్కో కాలి మీద అర నిమిషం నిలబడండి. అది తేలికైతే అలాగే నిలబడి తోటివాడితో బంతి అందించుకోండి. ఆపై ఎగిరి, మోకాళ్లు కొద్దిగా వంచి మెత్తగా దిగండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్లకు సూటిగా ఉండాలి. మన ఆడపిల్లలు తొక్కుడుబిళ్లలో కుంటుతూ గడులు దాటడం ఇలాంటి సాధనే. ఇప్పుడు ముంగిళ్లలో ఆ గడులు కనిపించడం తగ్గిపోయింది, అది వేరే సంగతి. ఒక్క జాగ్రత్త: మ్యాచ్‌కు ముందే పిల్లల్ని అలసిపోయేదాకా పరుగెత్తించే పెద్దలున్నారు. అలసిన కాలు నిలకడ కోల్పోతుంది. కొద్దిగా చెమట పడితే చాలు.

ఇక ఒకసారి కాలు బెణికినవారి సంగతి. మళ్లీ బెణికే ప్రమాదం వారికే ఎక్కువ. లిగమెంట్ దెబ్బ తిన్నప్పుడు అందులోని ఆ నరాల కొసలూ దెబ్బ తింటాయి. వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, కుర్రవాడు మైదానానికి వెళ్లిపోతాడు. కానీ చీలమండ కబురు చెప్పడం ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. అందుకే కట్టు విప్పాక కొన్ని వారాలపాటు రోజూ ఒంటికాలి సాధన చేయమంటాం. పళ్లు తోముకునేటప్పుడు చేసినా సరే. మా దగ్గరకు రెండోసారి వచ్చేవారిలో ఎక్కువమంది ఈ పని మానేసినవారే.

షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారు, కళ్లు తిరిగేవారు, పెద్దవయసువారు ఈ సాధన ఒంటరిగా చేయకూడదు. పక్కన మనిషి ఉండాలి, చేతికి గోడ అందాలి.

కాలు మడత పడ్డాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా, పసరు కట్టు కట్టించుకునే ముందే ఎక్స్‌రే తీయించండి. వచ్చేటప్పుడు ఆ కాలి మీద బరువు వేయకండి, ఎవరి భుజమైనా పట్టుకుని రండి.