మోటారుసైకిలు వైర్ల గైడులు



గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తి, మిరప చేలకు పోవు రైతులయొద్ద పాత బుల్లెట్టు బండ్లు నేటికిని కలవు. మదరాసునందు వీని నిర్మాణము 1950ల దశకమున మొదలైనది. హాండిలునుండి క్లచ్చికి, ముందు బ్రేకునకు, కార్బురేటరునకు వైర్లు పోవును. లోపలి ఉక్కుతీగ జరుగును. పైతొడుగు దానికి ఆనికయై నిలుచును. ఆ తొడుగు మెలికపడకుండ, ఇంజను వేడికి తగులకుండ, హాండిలు మెడలో నలుగకుండ కాపాడు చిన్న కొక్కెమే గైడు.

కొన్నేండ్ల క్రిందట నా బండి గైడు విఱిగినది. అల్పమని తలచి, యాక్సిలరేటరు వైరును గుడ్డపేలికతో బిగించి కట్టితిని. ఒక సాయంకాలము చిలకలూరిపేట మార్గమున మిరపటిక్కీల లారీకి దారి యిచ్చుటకై హాండిలు త్రిప్పగా, వైరు లాగుకొని, పిడి త్రిప్పకయే ఇంజను వడి హెచ్చినది. వెనుక మనుమడు కూర్చుండెను. క్లచ్చి పట్టి, బ్రేకు త్రొక్కి ఎట్లో ఆపితిని. నాటి భయము నేటికిని మఱువలేదు.

కావున గైడు సడలినచో మరను బిగింపుడు. విఱిగినచో ఆ బండికి తగినదానినే తెచ్చి వేయుడు. దొరకనిచో ఇనుపపట్టెను వంచి, అంచులను ఆకురాయితో నునుపుచేసి, రబ్బరు తొడిగి అమర్పవచ్చును. వైరు అందులో వదులుగా జరుగవలెను. ముందు బ్రేకు వైరు ఫోర్కుతోపాటు క్రిందుమీదులగును గనుక దానిని బిగియ గట్టరాదు. నల్లరేగడి ధూళి గైడులో చేరి తొడుగును ఒఱయును, అప్పుడప్పుడు తుడువుడు.

తుదకు బండిని స్టాండుపై నిలిపి, న్యూట్రలులో ఇంజను నడిపి, హాండిలును ఇరువైపుల కడదాక త్రిప్పుడు. వడి మాఱినచో వైరు లాగుచున్నదని తెలియుడు. తొడుగు పగిలినను, తీగ పోగులు తెగినను వైరునే మార్చవలెను. ఈ పరీక్ష చేయక బిడ్డలను వెనుక నెక్కించుకొని బయలుదేరకుడు.