మందు షాపు లైసెన్సులో వాటా అడుగుదామా, దూరం అడుగుదామా?

2024 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలన్నిటా మందు షాపులకు లాటరీ తీశారు. 3,396 షాపులకు 89,882 దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు రూ.2 లక్షలు, షాపు తగలకపోతే ఆ డబ్బు వెనక్కి రాదు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు దాదాపు రూ.1,800 కోట్లు చేరాయి. అక్టోబరు 16 నుంచి ప్రైవేటు షాపులు తెరుచుకున్నాయి. 2019 నుంచి ఐదేళ్ల పాటు ప్రభుత్వమే నడిపిన దుకాణాలు మూతపడ్డాయి. వాటిలో కాంట్రాక్టు మీద సేల్స్‌మెన్‌గా, సూపర్‌వైజర్లుగా చేసిన వేలమంది పిల్లలు ఇంటికి పోయారు.

ఈ విధానం గడువు 2026 సెప్టెంబరు 30 వరకే. తర్వాతి నిబంధనలు రాసేటప్పుడు దళిత సంఘాలు ఏం అడగాలి? మన మధ్య రెండు అభిప్రాయాలున్నాయి. వ్యాపారం ఎలాగూ నడుస్తోంది, అందులో మన వాటా మనకు కావాలనేది ఒకటి. మన వాడల్ని కూల్చిన వ్యాపారంలో వాటా ఏమిటి, అసలు వద్దనేది రెండోది. ఈ రెండూ కొట్టుకుంటుంటే మూడో సంగతి మరుగున పడిపోతోంది. షాపు ఎవరిదన్నది ఒక్కటే కాదు, అది ఎక్కడ పెట్టాలన్నది కూడా లైసెన్సు నిబంధనలే నిర్ణయిస్తాయి.

ముందు చట్టం మాట. మందు అమ్మడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. అది రాజ్యం తన దగ్గర ఉంచుకున్న అధికారం. తాను అమ్మొచ్చు, ఇంకొకరికి అప్పగించొచ్చు, పూర్తిగా ఆపెయ్యొచ్చు. కాబట్టి ఎవరికి అప్పగించాలన్నది ప్రభుత్వం తీసుకునే రాజకీయ నిర్ణయమే. 'వ్యాపారంలో కులమేమిటి' అన్న వాదన ఇక్కడ చెల్లదు. ప్రభుత్వం కూడా దాన్ని పట్టించుకోలేదు. 2024 విధానంలో గీత కులాలకు 10 శాతం షాపులు కేటాయించి, లైసెన్సు ఫీజు సగం చేసింది. మందు వ్యాపారం కల్లుగీతను దెబ్బతీసింది కాబట్టి ఆ కేటాయింపు న్యాయమే. మాకు దాని మీద ఏ పేచీ లేదు.

షెడ్యూల్డు కులాల పేరు మాత్రం ఆంధ్రప్రదేశ్ కేటాయింపులో లేదు. తెలంగాణలో ఉంది. 2021లో అక్కడ 2,620 షాపుల్లో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం ఇచ్చారు. ఎస్సీల కింద 262 షాపులు వచ్చాయి. ఒకే కమతంలా ఉన్న రాష్ట్రం రెండయ్యాక ఒకచోట దళితుడు లైసెన్సుకు అర్హుడు, ఇంకోచోట ఆ ఊసే లేదు.

అయితే కేటాయింపు ఒక్కటే సరిపోతుందా? అనంతపురం లెక్కలో చూద్దాం. ఉమ్మడి జిల్లాలో, 2011 జనగణన ప్రకారం, దాదాపు ఏడుగురిలో ఒకరు ఎస్సీ. శింగనమల, మడకశిర ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఉపాధి హామీ పని, అదీ దొరక్కపోతే బెంగళూరు వలస. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.300. వంద రోజులూ పని దొరికిందనుకుందాం, ఏడాదికి రూ.30,000. తిండి కూడా తినకుండా దాచితే ఒక్క దరఖాస్తు రుసుముకు ఆరేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. సగటున ఒక్కో షాపుకు 26 మంది పోటీ. తగిలిందే అనుకుందాం. పదివేల లోపు జనాభా ఉన్న చిన్న ఊరి షాపుకే ఏడాదికి లైసెన్సు ఫీజు రూ.50 లక్షలు. అయిదు లక్షలు దాటిన నగరంలో రూ.85 లక్షలు. ఆ పైన సరుకుకు పెట్టుబడి, అద్దె, జీతాలు.

మన దగ్గర కుదువపెట్టడానికి ఏముంది? ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా ఎకరమో రెండెకరాలో. 1977 చట్టం దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. ఆ చట్టం మన భూమిని కాపాడటానికే వచ్చింది, ఆ మేరకు మంచిదే. కానీ షావుకారు లెక్కలో ఆ పట్టాకు విలువ లేదు.

అంతంత డబ్బు ఉన్నవాళ్లకు లాటరీ ఒక అడ్డంకి కాదు. ఒకే గుంపు పది పేర్ల మీద వంద దరఖాస్తులు వేసుకుంటుంది. తమాషా ఏమిటంటే, సిండికేట్లను విరగ్గొట్టడానికే లాటరీ వచ్చింది. 2012 దాకా వేలంపాటలు ఉండేవి. ఏసీబీ దాడుల్లో సిండికేట్ల బాగోతం బయటపడ్డాక ఆ ఏడాదే వేలం తీసేసి లాటరీ తెచ్చారు. వేలంలో పాట పెంచకుండా కుమ్మక్కయ్యేవాళ్లు ఇప్పుడు చీట్లు ఎక్కువ వేస్తున్నారు.

ఇలాంటి చోట కోటా ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కులం సర్టిఫికెట్టు మనది, పెట్టుబడి ఇంకొకరిది. షాపు బోర్డు మీద మన పేరు, గల్లాపెట్టె తాళం వాళ్ల చేతిలో. నెలకింత అని చేతిలో పెడతారు. కేసు వస్తే మాత్రం మన పేరు మీదే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేశాక, ఓక్లాండ్ నగరం 2017లో తన పర్మిట్ల నిబంధనలు మార్చుకుంది. మొదటి విడత పర్మిట్లలో సగం 'సమానత్వ దరఖాస్తుదారుల'కు కేటాయించింది. వాళ్లెవరంటే, తక్కువ ఆదాయం ఉండి, 1996 నవంబరు తర్వాత ఆ ఊళ్లో గంజాయి కేసులో శిక్ష పడినవాళ్లు, లేదా పోలీసులు గంజాయి పేరుతో ఎక్కువగా విరుచుకుపడిన పేటల్లో గత ఇరవై ఏళ్లలో పదేళ్లయినా కాపురం ఉన్నవాళ్లు. ఆ పేటలు ఎక్కువగా నల్లజాతి, లాటినో జనాలవి. జైలు రికార్డే అక్కడ అర్హత అయింది. మన దగ్గర ఎక్సైజు కేసు పడిన మనిషిని లైసెన్సు దరిదాపులకు రానివ్వాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

అక్కడా పెట్టుబడి దగ్గరే బండి ఆగింది. డబ్బున్న దరఖాస్తుదారు ఒక సమానత్వ దరఖాస్తుదారుకు మూడేళ్లు ఉచితంగా స్థలం ఇస్తే అతనికి పర్మిట్లో ప్రాధాన్యం ఇస్తామన్నారు. సాయం కోసం పెట్టిన ఆ షరతులోంచే పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అనే ఫిర్యాదులూ పుట్టాయి. తర్వాత నగరం వడ్డీ లేని అప్పులు ఇవ్వాల్సి వచ్చింది. కేటాయింపుతో పాటే పెట్టుబడి ఏర్పాటు లేకపోతే కోటా బినామీకి దారి అవుతుందన్నది అక్కడి అనుభవం.

గంజాయికి మన దేశంలో ఇలాంటి ప్రశ్నే లేదు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద దానికి జైలే ఉంది. ఇరవై కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష. పాడేరు కొండల్లో మూటలు మోసి దొరికేది ఆదివాసీ పిల్లలు. సరుకు కొనే పెద్దలు ఎక్కడో ఉంటారు. మందు విషయంలోనూ మన సరిహద్దు ఊళ్లలో ఇదే జరిగింది. ప్రభుత్వ దుకాణాల కాలంలో ఇక్కడ ధరలు మండిపోతుంటే రాయదుర్గం, మడకశిర వైపు కర్ణాటక టెట్రా ప్యాకెట్లు తెచ్చి అమ్మినవాళ్ల మీద కేసులు పెట్టారు. సంచిలో మోసుకొచ్చిన కూలివాళ్లు కోర్టు చుట్టూ తిరుగుతున్నారు.

ఇప్పుడు మూడో సంగతి, అంటే దూరం. ఆంధ్రప్రదేశ్‌లో షాపు పెట్టాలంటే బడికి, గుడికి, ఆసుపత్రికి వంద మీటర్ల దూరం పాటించాలి. దళితవాడ ఆ జాబితాలో లేదు. మడకశిర దాటి పావగడ వెళ్లండి, రాయదుర్గం దాటి బళ్లారి వెళ్లండి. అక్కడ కర్ణాటక ఎక్సైజు లైసెన్సుల 1967 నిబంధనల్లో అయిదో నిబంధన ఉంది. ఎస్సీ, ఎస్టీలు ఎక్కువగా ఉండే నివాస ప్రాంతంలో మందు అమ్మకానికి లైసెన్సు ఇవ్వకూడదని అది చెబుతుంది. కేరళలో కల్లు దుకాణానికి, ఎస్సీ, ఎస్టీ కాలనీకి మధ్య 400 మీటర్లు ఉండాలి. ఆదివాసీ షెడ్యూల్డు ప్రాంతాల్లోనైతే 1996 పీసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకే ఇవ్వాలంటుంది. అనంతపురం పీఠభూమి మీద ఒక మాదిగవాడకు ఇవేవీ లేవు. సరిహద్దు రాయికి అటువైపు వాడకు ఉన్న రక్షణ ఇటువైపు వాడకు లేదు.

వాటా వద్దనేవాళ్ల మాట మాకు గౌరవమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం చదువుల్లోంచి సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లలో దళిత కూలి తల్లులు ఎందరో. 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ తల్లుల మాటకు కట్టుబడి వాటా అడగకుండా కూర్చుంటే షాపు మూతపడుతుందా అంటే, పడదు. బెల్టు షాపు మన వాడలోనే ఉంటుంది. బడ్డీకొట్టు ముసలమ్మకు సీసాకు పది రూపాయలు, లైసెన్సుదారుకు మిగతాదంతా.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. దూరం ముందు అడగాలి. కర్ణాటకలో ఉన్న నిబంధన ఇక్కడా రావాలి. ఏ షాపు సరుకు బెల్టు షాపులో దొరికితే ఆ షాపు లైసెన్సుదారు మీద చర్య మొదలవ్వాలి, అమ్మిన ముసలమ్మ మీద కాదు. వాటా తర్వాత అడగాలి. అదీ పెట్టుబడి ఏర్పాటు లేకుండా వద్దు. దరఖాస్తు రుసుము ఎస్సీలకు నామమాత్రంగా ఉండాలి, అప్పు ఎస్సీ కార్పొరేషన్ నుంచి రావాలి, ఒక మనిషికి ఒక్క షాపే ఉండాలి, గల్లాపెట్టె ఖాతాలు ఏటా తనిఖీ కావాలి. ఇక వాటా వచ్చిన రోజున మాదిగ, మాల, రెల్లి పంపకం గొడవ కూడా వస్తుంది. 2025లో వచ్చిన వర్గీకరణ చదువుకూ ఉద్యోగాలకే. లైసెన్సులకు దాన్ని వర్తింపజేస్తారా లేదా అన్నది ముందే రాయించుకోవడం మంచిది.

దీనికి కాగితాలు కావాలి. జిల్లా ఎక్సైజు సూపరింటెండెంటు కార్యాలయానికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టడానికి పది రూపాయలు చాలు. దారిద్ర్యరేఖ కార్డుంటే అదీ అక్కర్లేదు. మూడు విషయాలు అడగండి. జిల్లాలో ప్రతి షాపు చిరునామా, దగ్గరలోని ఎస్సీ కాలనీకి దూరం. 2024 అక్టోబరు నుంచి పెట్టిన బెల్టు షాపు కేసుల్లో నిందితుల సామాజిక వర్గం. ఆ కేసుల్లో ఎన్నిట్లో లైసెన్సుదారు మీద చర్య తీసుకున్నారు. కాలనీకి దూరం తమ రికార్డుల్లో లేదని జవాబొస్తే ఆ కాగితాన్ని పారెయ్యకండి. వాడను లెక్కలోకే తీసుకోలేదని శాఖ తన చేత్తో రాసిచ్చినట్టే.