అవయవలోపము పాపచిహ్నమా?



ఈనాటి ప్రసంగమును మా తప్పును చెప్పుకొనియే ప్రారంభింపవలసి యున్నది.

సుమారు నలువది సంవత్సరముల క్రిందట రాజంపేటలో ఒక ఆలయమండపమున మేము కర్మసిద్ధాంతమును గూర్చి ఉపన్యసించుచుంటిమి. మాకప్పుడు ముప్పదియేండ్లు దాటినవి. గురుముఖమున చదివిన చదువు నాలుకపై ఆడుచుండెను. సభ నిండుగా నుండెను. ఆ ఉత్సాహమున "అవయవలోపములన్నియు పూర్వజన్మపాపములకు ఫలములే, ఎవరు చేసికొన్నది వారనుభవింపవలసినదే" అని గట్టిగా పలికితిమి. ముందువరుసలో ఒక తల్లి అయిదారేండ్ల బాలుని ఒడిలో నుంచుకొని కూర్చుండి యుండెను. పోలియో వలన వాని కుడికాలు సన్నబడి వ్రేలాడుచుండెను. ఆమె మా మాట విని, ఏమియు ననక, బిడ్డను చంకనెత్తుకొని, ప్రసాదమైనను తీసికొనక వెళ్లిపోయెను. ఆనాడు మేము దానిని చూచితిమి గాని గ్రహింపలేదు. గ్రహించుటకు చాలకాలము పట్టెను.

మేమానాడు పలికినది శాస్త్రమేనా? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుచు తిరిగి గ్రంథములను తెరచితిమి. అందు మాకు కనబడినదానిని మీకు నివేదించెదము.

చెయ్యేటి యొడ్డున జరిగిన కథ

మన రాజంపేటవారికి అత్తిరాల క్రొత్త క్షేత్రము కాదు. బాహుదా, పింఛ నదులు కలసి చెయ్యేరై ప్రవహించుచుండగా, దాని యొడ్డున పరశురామాలయము, త్రేతేశ్వరాలయము వెలసియున్నవి. బాహుద యనగా బాహువుల నిచ్చునది. చెయ్యేరనగా చేతిని ప్రసాదించిన ఏరని మన పెద్దలు చెప్పుదురు. ఈ పేరునకు ఆధారమైన కథ మహాభారతమున శాంతిపర్వములో నున్నది. వ్యాసభగవానుడు ధర్మరాజునకు దీనిని చెప్పెను.

శంఖుడు, లిఖితుడు అను అన్నదమ్ములు బాహుదానదీతీరమున వేర్వేరు ఆశ్రమములలో తపస్సు చేసికొనుచుండిరి. ఒకనాడు లిఖితుడు అన్నగారి ఆశ్రమమునకు వచ్చి, ఆయన లేని సమయమున చెట్టుపండ్లు కోసికొని తినెను. తిరిగివచ్చిన శంఖుడు, అడుగక తీసికొనుట చౌర్యమనియు, రాజు నొద్దకు పోయి దండనను కోరుకొనుమనియు చెప్పెను. సుద్యుమ్న మహారాజు క్షమింపజూచినను లిఖితుడు ఒప్పుకొనలేదు. రాజు విధిలేక అతని రెండు చేతులను ఖండింపజేసెను. లిఖితుడు అన్న యొద్దకు తిరిగివచ్చెను. అప్పుడు శంఖుడు తనకు కోపము లేదని చెప్పి, బాహుదకు పోయి దేవ ఋషి పితృతర్పణములు చేయుమని ఆదేశించెను. లిఖితుడు నదిలో దిగి తర్పణమునకు పూనుకొనగానే పద్మములవంటి హస్తములు అతనికి మొలిచెను.

ఈ కథను మేము చిన్ననాటినుండి ఎరుగుదుము. కాని ఇందు ఒక సూక్ష్మమును చాలకాలము గమనింపలేదు. తర్పణము చేతులతో చేయవలసిన కర్మ. శంఖుడు "చేతులు వచ్చిన తరువాత తర్పణము చేయుము" అనలేదు. చేతులు లేనివానినే తర్పణమునకు పొమ్మనెను. "నీవు దండితుడవు, దూరముగా నుండుము" అనలేదు. నీటి యొద్దకు పంపెను. ముందు లభించినది కర్మాధికారము, తరువాత లభించినవి చేతులు. మన యేటి పేరులో ఇంత ధర్మ మిమిడి యున్నది.

లిఖితుని చేతులు పోయినది పాపమువలననే గదా యని ఎవరైన అనవచ్చును. నిజమే. కాని ఆ తప్పు ఏదో అతనికి తెలియును, అన్నకు తెలియును, రాజునకు తెలియును. దండనను కోరినవాడును అతడే. పుట్టుకతో చూపులేని శిశువు ఏ తప్పు చేసెనో మనలో ఎవరికి తెలియును? తెలియని నేరమును ఎదుటివానిపై మోపుటకు మనకు అధికారము నిచ్చిన దెవరు?

ఋషులలో, దేవతలలో

ఋగ్వేదము ప్రథమమండలమున నూట నలువదవ సూక్తము మొదలు నూట అరువదినాలుగవ సూక్తము వరకు ద్రష్ట దీర్ఘతమసుడని సంప్రదాయము. ఆయన పుట్టంధుడు. తల్లియైన మమత గర్భమున నుండగనే బృహస్పతి శాపము తగిలెనని భారతము చెప్పుచున్నది. వృద్ధాప్యమున సొంత భార్యయు, కుమారులును భారమని తలచి ఆయనను తెప్పపై నుంచి గంగలో విడిచిరి. బలిమహారాజు ఆ తెప్పను చూచి, ఒడ్డునకు చేర్చి, గౌరవించెను. ఇంటివారు భారమని త్రోసినవానిని వేదము ఋషి యని తలదాల్చినది. మనము ఎవరి పక్షమున నుండవలెను?

అష్టావక్రుని సంగతి అందరెరుగుదురు. గర్భస్థుడై యుండి తండ్రి అధ్యయనమున దోషమును చూపినందున తండ్రి యైన కహోడుడు శపించెను. ఎనిమిది వంకరలు కుమారునివి, కోపము తండ్రిది. అట్టివాడు జనకుని ద్వారమున నిలువగా ద్వారపాలకుడు బాలుడవని అడ్డగించెను. లోనికి పోయిన తరువాత వందిని వాదమున జయించి, నీటమునిగిన తండ్రిని తిరిగి తెచ్చుకొనెను. ద్వారము తెరువనిచో ఈ ఫలము కలుగునా?

ఇక రథసప్తమినాడు సూర్యప్రభవాహనమును దర్శించునప్పుడు సారథిని కూడ చూడుడు. ఆయన అరుణుడు, తొడలు లేనివాడగుటచే అనూరుడని పేరు. తల్లి వినత తొందరపడి గ్రుడ్డును పగులగొట్టుటచే శరీరము సగమే పూర్ణమైనది. దోషము బిడ్డది కాదు. జగత్తునకు వెలుగు నిచ్చు రథమును కాళ్లులేనివాడు నడుపుచున్నాడు. సారథ్యమునకు కావలసినది చేయి, చూపు, నేర్పు. అవి ఆయనకు కలవు.

కర్మవిపాకమును ఎట్లు గ్రహింపవలెను?

మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున ఫలానా పాపమునకు ఫలానా అవయవదోషము కలుగునని చెప్పబడిన మాట వాస్తవము. దాచవలసిన పని లేదు. కాని ఆ అధ్యాయము ప్రాయశ్చిత్తములను విధించునట్టిది. తప్పు చేసినవాడు తన్ను తాను దిద్దుకొనుటకై ఆ భయము చూపబడినది. అది తన ముఖము చూచుకొను అద్దము. ఎదుటివానిపై విసరు రాయి కాదు. కర్మగతి గహనమని గీతాచార్యుడే చెప్పగా, మండపమున కూర్చుండి ఒక బాలుని కాలిని చూచి వాని పూర్వజన్మను నిర్ణయించుటకు మే మెంతవారము?

మరియొక విషయము. మన దేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులో నమోదైనది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతమును పోలియోరహితమని ప్రకటించినది. ఆ వ్యాధికి కారణము ఒక వైరసు. మలముచే కలుషితమైన నీటివలన, ఆహారమువలన అది వ్యాపించును. నోట వేయు రెండు చుక్కల మందుతో దానిని అరికట్టిరి. ఆ చుక్కలతో దేశమందలి శిశువులందరి పూర్వజన్మపాపములు నశించెనా? లేక అంతకుముందు పుట్టినవారే పాపులా? ఈ యుక్తి మాకు ఆనాడు తోచినచో ఆ తల్లి అట్లు లేచిపోయి యుండెడిది కాదు.

అధికారము, సామర్థ్యము

అంగహీనునకు యజ్ఞాధికారము లేదని శాస్త్రమున నున్నది గదా యని పండితులు అడుగవచ్చును. పూర్వమీమాంస ఆరవ అధ్యాయమున ఈ విచారము కలదు. అక్కడ చెప్పబడిన హేతు వేది? అంధుడు హోమద్రవ్యమైన నేతిని చూడజాలడు. కుంటివాడు విష్ణుక్రమములను నడువజాలడు. అనగా ఆ యా అంగములను నెరవేర్చు సామర్థ్యము లేకపోవుటయే కారణము గాని పాపము కారణము కాదు. చికిత్సచే లోపము తొలగునట్టివానికి అధికారమున్నదని అక్కడనే నిర్ణయించిరి. శాస్త్రము చేయగలుగుటను చూచినది, శరీరమును అసహ్యించుకొనలేదు.

దర్శనమునకు, నామస్మరణమునకు, భజనకు, అధ్యయనమునకు ఆ అడ్డంకియు లేదు. మాతోపాటు పాఠశాలలో చదివిన ఒక సహాధ్యాయికి చూపు లేదు. వేదము శ్రుతి, చెవితో విని నోటితో పలుకవలసినది. గ్రంథము చూడలేనందున అతని చెవి మాకంటె నిశితమై, స్వరము తప్పినచో మమ్ములనే దిద్దుచుండెను.

స్మృతులు అంధాదులకు దాయభాగము లేదన్నను, జీవితాంతము పోషింపవలెనని విధించినవి. నేడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వ్యాధివలన గాని అవయవలోపమువలన గాని ఎవరికిని ఆస్తిహక్కు పోదు. కావున అట్టి సోదరుని భాగమును మిగిలినవారు పంచుకొనుట నేడు చట్టవిరుద్ధము. పోషణభారమును తప్పించుకొన్నచో స్మృతివిరుద్ధము కూడ.

మాటయు హింసయే

అవయవలోపము గలవారిని ఆ లోపము పేరుతో పిలువరాదని ధర్మశాస్త్రము స్పష్టముగా శాసించినది. ఉన్న లోపమునే చెప్పినను దండన తప్పదని మనువు. కౌటిల్యుడు మరింత లోతుగా చూచెను. కన్నులేనివానిని ఎగతాళిగా "చక్కని కన్నులవాడా" అని పొగడినచో పండ్రెండు పణముల జరిమానా విధించెను. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, పదిమందిలో ఉద్దేశపూర్వకముగా ఇట్టివారిని అవమానించినచో ఆరు నెలలకు తగ్గకుండ అయిదేండ్ల వరకు కారాగారవాసము విధింపవచ్చునని చెప్పుచున్నది. ఈ చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించినది. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇట్టివారు 2 కోట్ల 68 లక్షలమంది.

అయినను మన వీధులలో మనిషి పేరునకు ముందు లోపమును తగిలించి పిలుచుట నేటికిని వినబడుచున్నది. వికలాంగులను దివ్యాంగులని పిలుచుట ప్రారంభించితిమి, మంచిదే. కాని పేరు మార్చి, మెట్టు మార్చకున్న ఏమి ప్రయోజనము?

మనము చేయదగినవి

ఆలయమున మెట్ల ప్రక్కన వాలుదారి కట్టింపవలెను. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండిన చక్రాల కుర్చీ సుఖముగా ఎక్కును. అంతకంటె నిటారైన వాలు ప్రమాదకరము. కుర్చీ చక్రములు మైలయని అడ్డగింపవలసిన పని లేదు. మనము కాళ్లు కడుగుకొని వచ్చునట్లే చక్రములను నీటితో కడిగి లోనికి తీసికొనిపోవచ్చును. ఊతకఱ్ఱ దానిపై ఆధారపడినవానికి కాలితో సమానము. ద్వారమున దానిని విడిచి రమ్మనుట కాలిని విడిచి రమ్మనుటయే.

చూపులేని భక్తుడు సన్నిధికి వచ్చినప్పుడు అర్చకస్వామి ఆనాటి అలంకారమును రెండు మాటలలో చెప్పవలెను: ఏ రంగు పట్టు, ఏ పూలమాల, ఏ ఆభరణము. ఆ మాటలే అతనికి దర్శనము. వినికిడి లేనివారికి సేవల వేళలను పలకపై వ్రాసి యుంచవలెను. తీర్థము, శఠారి వారున్న చోటికే రావలెను. తిరుమలలో వృద్ధులకు, వికలాంగులకు ప్రత్యేకదర్శనమున్నది. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకల వైకల్యములకు శస్త్రచికిత్స చేయుచు, కృత్రిమావయవములను అమర్చుచున్నది. ఇవి స్వామికి జరుగు కైంకర్యములే. మన ఊరి చిన్న గుడిలో ఇంత చేయలేకపోయినను వాలుదారి యొకటి వేయలేమా?

ఇంటిలో శుభకార్యము జరుగునప్పుడు ఇట్టి బిడ్డను వెనుకగదిలో నుంచు అలవాటు మానవలెను. పీటపై కూర్చుండబెట్టుడు, అక్షతలు వేయించుడు. ప్రక్కయింట ఎవరైన సదరం ధ్రువపత్రమునకు తిరుగుచున్నచో తోడు వెళ్లుడు. ఆ పత్రము లేనిదే పింఛను రాదు.

చెయ్యేటినే మరల తలచుకొందము. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నది గ్రామములపై విరుచుకొనిపడినది. పరుగెత్తగలిగినవారికే ప్రాణము దక్కుట కష్టమైన వేళ అది. పరుగెత్తలేనివారి గతి యేమి? ప్రతి గ్రామమున నడువలేనివారు, చూడలేనివారు, వినలేనివారు ఏ ఇంట నున్నారో పదిమందికి తెలిసియుండవలెను. ఆపద వచ్చినప్పుడు ఆ తలుపు మొదట తట్టవలెను. తాళ్లపాక అన్నమాచార్యులు పుట్టిన గడ్డ యిది. సకలజీవులలో నున్న దైవ మొక్కడేయని ఆయన సంకీర్తనలలో చాటెను. ఆ మాటను పాడుకొనుట సులభము; ఆ తలుపు తట్టుటయే దాని ఆచరణము.

ఆనాటి బాలుడు నేడు నడివయస్కుడై యుండును. ఆ తల్లి ఉన్నదో లేదో ఎరుగము. ఆమెను మరల చూడలేదు. ఈ పుటలు వారిని చేరినచో, మేమానాడు పలికిన మాట శాస్త్రము కాదనియు, మా అపరిపక్వత యనియు తెలిసికొందురు గాక. మండపమున వారి చోటు వారిదే. ప్రసాదము వారికై యెప్పుడును ఉన్నది. వచ్చి స్వీకరింపవలెనని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.