వార్షికోత్సవం ఖర్చుతో ఎక్సెల్ పాఠం

ఏడు, ఎనిమిది తరగతుల తమ్ముళ్లకు ఎక్సెల్ నేర్పాలంటే మన వార్షికోత్సవం ఖర్చు లెక్క చాలు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్‌ అయినా సరే.

చేతిలో 3,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. 120 మందికి తలా లడ్డు 10, మిక్చర్ 8, టీ 7 రూపాయలు. ‘ఎ’ వరుసలో వస్తువు, ‘బి’లో మంది, ‘సి’లో ధర రాయించాలి. ‘డి2’ గడిలో సమానం గుర్తు పెట్టి బి2*సి2 కొట్టించి, గడి మూల పట్టుకుని కిందికి లాగితే మిగతా గుణకారాలు అవే వస్తాయి. అడుగున ‘సమ్’ వేస్తే మొత్తం సరిగ్గా 3,000.

ఇప్పుడు లడ్డు ధర 12 చేయించాలి. మొత్తం వెంటనే 3,240 అవుతుంది. ఆ 240 ఎక్కడ తగ్గించాలో అన్నలు చెప్పకూడదు, తమ్ముళ్లే తేల్చుకోవాలి. ఒక్క అంకె మారితే ఏమేం మారతాయో చూసినవాడు, రేపు ఇంట్లో అప్పు కాగితం మీద వేలిముద్ర పడకముందే వడ్డీ లెక్క కట్టి చూపగలడు.