అప్పుడప్పుడు వినిపించే చప్పుడు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాత కారు ఇంజనులో అప్పుడప్పుడు వినిపించి మాయమయ్యే చప్పుడు అటువంటి దొంగే. ఇంటి దగ్గర వినిపిస్తుంది; మెకానిక్కు దగ్గరకు తీసుకు వెళ్ళేసరికి నోరు మూసుకుంటుంది. ఆయన బానెట్టు ఎత్తి, యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కించి, "ఏమీ లేదు సార్, బాగానే వున్నది" అంటాడు. మరునాటి ఉదయం మళ్ళీ అదే చప్పుడు. కారు యజమానికి మనశ్శాంతి వుండదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుపతి వెళ్ళాలంటే గుండె పీచుపీచుమంటుంది.

ఇటువంటప్పుడు అందరూ "చప్పుడు ఎక్కడ నుంచి వస్తున్నది?" అని వెదకుతారు. కాని మొదట అడగవలసిన ప్రశ్న అది కాదు. "ఎప్పుడు వస్తున్నది?" అని అడగాలి. ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరికితే సగం రోగం కుదిరినట్లే.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాలకు పూండి కొత్త చోటు కాదు. కుశస్థలీ నదికి అడ్డంగా కట్టి 1944లో పూర్తిచేసిన ఈ జలాశయానికి, మద్రాసు మేయరుగా దీనికోసం పాటుపడిన సత్యమూర్తిగారి పేరు పెట్టారు. 1996లో కండలేరు నుంచి కాలువ మీదుగా కృష్ణా జలాలు ఇక్కడికి చేరినవి. ఆదివారం పిల్లలకు నీరు చూపించడానికి వెళ్ళేవారు చాలామంది. పాత కారున్నవారికి మాత్రం ఆ పరిసరాల వల్ల మరొక ప్రయోజనమున్నది. పట్టణంలోని లారీల రొదలో, హారన్ల మోతలో చెవికి అందని చప్పుడు ఆ పల్లె రోడ్ల మీద తెల్లవారుజామున స్పష్టంగా తెలుస్తుంది. అద్దాలు దించి ఏదైనా గోడ పక్కగా మెల్లగా పోతే, గోడకు తగిలి తిరిగివచ్చే ధ్వనిలో ఇంజను గుట్టు బయటపడుతుంది.

అలా వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర వుంచుకోవాలి. బండి నడిపేవారు కాక పక్కన కూర్చున్నవారు వ్రాయాలి. ఇంటి ఇల్లాలో, హైస్కూలు చదివే పిల్లవాడో ఈ పని చక్కగా చేయగలరు. వ్రాయవలసినవి అయిదు సంగతులు.

మొదటిది, ఇంజను చల్లగా వున్నదా, వేడెక్కినదా? రెండవది, బండి నిలిచి వుండగా వస్తున్నదా, కదిలినప్పుడేనా? మూడవది, చప్పుడు వేగం ఇంజను వేగాన్ని అనుసరిస్తున్నదా, చక్రాల వేగాన్నా? బండి నిలిపి, న్యూట్రల్‌లో వుంచి యాక్సిలరేటరు తొక్కితే అదే చప్పుడు వచ్చినదంటే అది ఇంజనుదే. నాలుగవది, బరువు పడినప్పుడు, అనగా మిట్ట ఎక్కేటప్పుడు వస్తున్నదా, యాక్సిలరేటరు వదలినప్పుడా? అయిదవది, ఆ క్షణంలో మనం చేసిన పని ఏమిటి? క్లచ్ నొక్కామా, స్టీరింగు తిప్పామా, ఏసీ వేశామా, గుంటలో పడ్డామా?

ఈ జవాబులకు కారణాలు ఎలా ముడిపడి వున్నవో చూద్దాము.

మంచు కురిసిన ఉదయం బండి స్టార్టు చేయగానే కీచుమని అరచి, కొద్ది నిమిషాల్లో సర్దుకుంటే ముందుగా ఫ్యాన్ బెల్టును అనుమానించాలి. ఇంజను తిరుగుతుండగా దూరంగా నిలబడి బెల్టు మీద రెండు చుక్కల నీళ్ళు చల్లితే అరుపు ఒక క్షణం ఆగుతుంది, లేదా హెచ్చుతుంది. రెండింటిలో ఏది జరిగినా దొంగ బెల్టు దగ్గరే వున్నాడన్నమాట. బెల్టు వదులైనదేమో, పగుళ్ళు వచ్చినవేమో, పుల్లీలు ఒకే వరుసలో వున్నవో లేవో చూపించుకోవాలి.

కీచుమనక గరగరమంటూ, ఇంజను వేగంతో పాటు హెచ్చుతుంటే వాటరు పంపు బేరింగో, డైనమో లేక ఆల్టర్నేటరు బేరింగో అరిగి వుండవచ్చును. చల్లని ఇంజనుకు మెకానిక్కు చేత బయటి బెల్టు తీయించి, ఒక్క అర నిమిషం నడిపిస్తే సంగతి తేలిపోతుంది. చప్పుడు ఆగితే తప్పు బెల్టు తిప్పే వస్తువులది. ఆగకపోతే ఇంజను లోపలిది. బెల్టు లేనప్పుడు నీళ్ళు తిరగవు గనుక అంతకు మించి నడపరాదు.

క్లచ్ నొక్కినప్పుడు మాత్రమే వచ్చే గరగర సామాన్యంగా క్లచ్ రిలీజు బేరింగుది. నొక్కగానే ఆగిపోయేది గేరుబాక్సు ముందరి బేరింగుది కావచ్చును. గుంటల్లో పడినప్పుడు, బండి ఒక్క ఊపుతో కదిలినప్పుడు దబ్బుమంటే ఇంజను క్రింది రబ్బరు మౌంటింగులను చూడాలి. రబ్బరు కుంగితే ఇంజను ఒరిగి, సైలెన్సరు గొట్టం బాడీకి తగులుతుంది. బ్యాటరీ పట్టీ వదులైనా ఇంచుమించు ఇటువంటి లొడలొడే.

సన్నగా, కుట్టుమిషను వలె టకటకమనే చప్పుడు టాపెట్లది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపకరిస్తుంది. క్రాంకు షాఫ్టు రెండుసార్లు తిరిగితే వాల్వులను నడిపే క్యాం షాఫ్టు ఒక్కసారి తిరుగుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనులో క్రాంకు సెకండుకు సుమారు 13 సార్లు తిరిగితే, ఒక్కొక్క వాల్వు 7 సార్లకు లోపుగానే తెరుచుకుంటుంది. అందుకే టాపెట్టు చప్పుడు ఇంజను పరుగులో సగం వేగంతో, కాస్త తీరికగా వినిపిస్తుంది. అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో ఈ సందు అంగుళంలో వెయ్యవ వంతులు 15 వుండాలి. సందు సరిచేయడం ఒక పూట పని. ఇంజను విప్పనక్కరలేదు.

ఇక భయపడవలసిన చప్పుళ్ళు రెండున్నవి. మిట్ట ఎక్కేటప్పుడు గోళీలు గిలకొట్టినట్లు వినిపిస్తే పెట్రోలు మంట వేళకు ముందే రగులుతున్నదని గుర్తు. ఇగ్నిషన్ టైమింగు చూపించాలి. అలాగే పోనిస్తే పిస్టన్లు దెబ్బతింటాయి. రెండవది లోతుగా, సుత్తితో కొట్టినట్లు దబదబమనేది. బరువు పడినప్పుడు హెచ్చి, ఆయిలు దీపం కూడా వెలిగితే అది కనెక్టింగు రాడ్ బేరింగు మొర. అప్పుడు ఇంకొక మైలు పోదామని ఆశపడక, రోడ్డు పక్కన బండి ఆపి ఇంజను కట్టివేయాలి.

ఈ విధంగా వ్రాసుకున్నందువల్ల ఎంత మేలు కలుగుతుందో తెలపడానికి తిరువళ్ళూరులోని ఒక కుటుంబం సంగతి చెప్పుతాను. ఉద్యోగం విరమించిన ఆ పెద్దాయనకు పాత అంబాసిడర్ వున్నది. ఉదయం తీసినప్పుడు ఇంజను ముందర ఎడమవైపు టపటపమనేది. పది నిమిషాల తరువాత వుండేది కాదు. ఒక వర్కుషాపులో ఇంజను విప్పి పిస్టన్లు మార్చాలన్నారు. మనుమరాలి కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ము తీయవలసి వచ్చేటంత ఖర్చు. ఆయన ఒప్పుకోక, వారం రోజులు భార్య చేత నోటుపుస్తకంలో వ్రాయించారు. ఏడు రోజులూ ఆమె వ్రాసినది ఒక్కటే: "చల్లగా వున్నప్పుడు మాత్రమే. బండి నిలిచి వున్నా వస్తున్నది. వేడెక్కితే లేదు. కారులో పొగవాసన."

ఆ పుస్తకం చూసిన మరొక మెకానిక్కు, "సార్, బండి రాత్రి ఇక్కడే వదలండి" అన్నాడట. తెల్లవారి చల్లని ఇంజను స్టార్టు చేసి, ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండవ కొస అటూ ఇటూ తిప్పాడు. ఎగ్జాస్టు మానిఫోల్డు అతుకు దగ్గర టపటప వినబడింది. అక్కడే సన్నని మసి చార కనబడింది. గ్యాస్కెట్టు కాలిపోయి, చల్లగా వున్నప్పుడు ఆ సందులో నుంచి పొగ తన్నుకు వస్తున్నది. ఇనుము వేడికి వ్యాకోచించగానే సందు మూసుకుంటున్నది. మధ్యాహ్నం వేడి ఇంజనుతో వెళ్ళినంత కాలం ఏ మెకానిక్కుకూ అది వినబడకపోవడంలో వింత లేదు. గ్యాస్కెట్టు మార్చి, నట్లు బిగించేసరికి చప్పుడు పోయింది. గోరుతో పోయేదానికి గొడ్డలి అక్కరలేకపోయింది.

డబ్బు మిగలడం ఒక్కటే కాదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు వుంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మనకు తెలిసే పొగవాసన దాని తోడుగా వచ్చే ఇతర వాయువులది. మూసిన కారులోకి అది చేరితే తలనొప్పి, మగత కలిగి ప్రాణానికే ముప్పు. కనుక "చిన్న చప్పుడే గదా" అని రేడియో శబ్దం పెంచుకోవడం తగదు.

చెవిపెట్టి వినదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో వుంచాలి. చీర కొంగు, పైట, కండువా, వదులు చొక్కా చేతులు, జడ ఇవన్నీ ఫ్యానుకు దూరంగా వుండాలి. కరెంటుతో తిరిగే ఫ్యాను ఇంజను ఆపిన తరువాత కూడా తనంతట తాను తిరగవచ్చును. వేడి రేడియేటరు మూత తీయకూడదు. పోతున్న బండిలో ఇంజను ఆపి పరీక్షించడం అసలే కూడదు. బ్రేకుకు బలం తగ్గుతుంది, స్టీరింగు బిగుసుకోవచ్చును.

పాత బండ్లను ఎరిగిన చేతులు తరిగిపోతున్నందువల్ల కూడా మన నోటుపుస్తకానికి విలువ పెరిగింది. 1961లో మద్రాసులో మొదలైన స్టాండర్డ్ హెరాల్డ్ ఎన్నడో నిలిచిపోయింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. తిరువళ్ళూరు దగ్గరి హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో 1998 నుంచి తయారైన మిత్సుబిషి లాన్సర్ కూడా నేడు పాత కార్ల వరుసలో చేరింది. ఈ ఇంజన్ల చప్పుడు విని పేరు చెప్పగల పెద్ద మెకానిక్కులు ఊరికి ఒకరిద్దరు మిగిలారు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనే వుండేది గదా. అక్కడి షెడ్లలో తెలుగులో చెప్పినా, అరవంలో చెప్పినా అర్థం చేసుకునేవారున్నారు. అయితే భాష ఏదైనా, "ఏదో చప్పుడు వస్తున్నదయ్యా" అంటే వారు మాత్రం ఏమి చేయగలరు? "ఉదయం, చల్లని ఇంజను, నిలిచి వున్నా వస్తున్నది, పది నిమిషాల్లో పోతున్నది" అని చెప్పండి. బండిని అదే వేళకు, అదే స్థితిలో చూపించండి. అవసరమైతే ఒక రాత్రి అక్కడే వదలండి. ఇంజను విప్పడానికి మాత్రం, చప్పుడు ఆయన చెవిన పడిన తరువాతనే ఒప్పుకోండి.