ఫోన్‌లో ఆడుతుంది, టీవీలో ఆగుతుంది

టీవీ ముందు సోఫాలో కూర్చుని ఫోన్‌లో సినిమా పెడితే ఎక్కడా ఆగకుండా ఆడుతుంది. అదే సినిమా, అదే వైఫై, టీవీ వెనక దాచిపెట్టిన చిన్న కంప్యూటర్లో పెడితే మాత్రం కాసేపటికోసారి ఆగిపోయి తెర మధ్య చక్రం తిరుగుతుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే "సార్, రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు. చేస్తే కాసేపు బాగానే ఉంటుంది, మళ్లీ మామూలే. ఆ తర్వాత వచ్చే సలహా ప్లాన్ పెంచుకోమని. 100 ఎంబీపీఎస్‌ని 300 చేసుకున్నా చక్రం ఆగదు. ఎందుకంటే డబ్బు కట్టి తెచ్చుకున్న వేగం రూటర్ దాకా ఎప్పుడో వచ్చేసింది. అక్కడినుంచి టీవీ వెనక్కి వెళ్లే ఆ కాస్త దూరంలోనే దారి తప్పుతోంది.

చిన్న కంప్యూటర్ అంటే ఇక్కడ రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, పిల్లలకి ప్రోగ్రామింగ్ అలవాటు చేద్దామని తయారుచేసి 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టిన, ఏటీఎం కార్డంత బోర్డు. పిల్లల సంగతేమో గానీ, పెద్దవాళ్లు దాన్ని టీవీకి తగిలించి, కోడి అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని సినిమాల పెట్టెగా మార్చేశారు. మన దగ్గర కూడా పాత టీవీని స్మార్ట్ టీవీగా మార్చుకోవడానికి దీన్ని కొన్నవాళ్లున్నారు.

వైఫైని తిట్టుకునే ముందు, ఆగడం ఎలా ఆగుతోందో గమనించాలి. బొమ్మా మాటా రెండూ కలిసి ఆగి, చక్రం తిరిగి, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైతే అది నెట్‌వర్క్ గొడవ. మాట సాఫీగా వస్తూ బొమ్మ ఒక్కటే కుదుపులతో నడుస్తుంటే వైఫై పాపం ఏమీ లేదు. కుదించి పంపిన వీడియోని విప్పడం ప్రాసెసర్ వల్ల కావడం లేదన్నమాట. రాస్ప్‌బెర్రీ పై-4 బోర్డులో హెచ్.264, హెచ్ఈవీసీ రకాల వీడియోని విప్పడానికి ప్రత్యేక సర్క్యూట్ ఉంది. వీపీ9 రకానికి లేదు. యూట్యూబ్ బ్రౌజర్‌కి ఎక్కువగా పంపేది ఆ వీపీ9నే. ఇలాంటప్పుడు రూటర్ మార్చి ఉపయోగం లేదు, వీడియో నాణ్యతని 1080 నుంచి 720కి దించితే సరిపోతుంది. తెర కుడివైపు పైమూల పసుపుపచ్చ మెరుపు గుర్తు కనిపిస్తోందేమో కూడా చూడండి. బోర్డుకి కరెంటు చాలడం లేదని దానర్థం. పై-4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లిచ్చే అడాప్టర్ కావాలి. డ్రాయర్లో దొరికిన పాత ఫోన్ చార్జరూ, దాని సన్నటి పొడవాటి తీగా కలిస్తే వోల్టేజీ పడిపోతుంది, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది.

నెట్‌వర్క్ గొడవే అని తేలిందనుకుందాం. ఫోన్‌లో బాగా ఆడుతోంది కదా అన్న సాక్ష్యాన్ని మాత్రం పూర్తిగా నమ్మకూడదు. ఆన్‌లైన్ వీడియో మొత్తం ఒకే ధారగా రాదు, కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కకీ సర్వర్లో నాలుగైదు నాణ్యతల ప్రతులుంటాయి. దారి ఇరుకైతే ప్లేయర్ చడీచప్పుడు లేకుండా తక్కువ నాణ్యత ముక్క తెచ్చుకుంటుంది. ఆరంగుళాల తెర మీద ఆ తేడా మన కంటికి ఆనదు, నలభై మూడంగుళాల టీవీ మీద ముఖాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఇవాళ్టి లెక్కలో ఇవి పెద్ద అంకెలు కావు.

ఇంట్లోనే మరో కంప్యూటర్లో దాచుకున్న సినిమాని వైఫై మీదుగా టీవీకి తెచ్చుకునేవాళ్ల కష్టం వేరు. ఆ ఫైలుకి తక్కువ నాణ్యత ప్రతి ఉండదు. బ్లూరే డిస్కులో వీడియో వేగం 40 ఎంబీపీఎస్ దాకా వెళ్లొచ్చు. అందులోంచి ఉన్నదున్నట్టు తీసిన ఫైలైతే పోరాట దృశ్యం వచ్చినప్పుడల్లా ఆ మేరకు అడుగుతుంది, ఇవ్వలేకపోతే నిలబడిపోతుంది. యూట్యూబ్ ఆడుతూ సొంత సినిమా ఆగిపోతోందని కొందరు తల పట్టుకుంటారు గానీ, అందులో వింతేమీ లేదు.

తప్పు గాలిలో ఉందా, వీధిలో ఉందా అన్నది తేల్చే పరీక్ష ఒకటుంది. ఎక్కడినుంచైనా పొడవాటి లాన్ కేబుల్ అరువు తెచ్చి, రూటర్‌నీ బోర్డునీ నేరుగా కలిపి, అదే సినిమా అదే చోట పెట్టి చూడడం. వైరు మీద కూడా ఆగితే కనెక్షన్ వాళ్లతో తగువు పెట్టుకోవచ్చు. వైరు మీద ఆడితే ఇక గదిలోనే వెతకాలి.

అలా వెతికేటప్పుడు తెర మీది వైఫై గీతల్ని లెక్కలోకి తీసుకోకండి. మూడు గీతలు అంటే ఎంతో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపించే ఉచిత యాప్‌లు, ఆదేశాలు ఉన్నాయి. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి ఎంత చిన్నదైతే అంత బలం. ప్రతి పదికీ బలం పదో వంతుకి పడిపోతుంది. వీడియోకి మైనస్ 67, ఆ చుట్టుపక్కల ఉంటే బాగుంటుందని ఈ పని చేసేవాళ్లు అంటారు. మైనస్ 80 దగ్గర సినిమా మీద ఆశ వదులుకోవడమే. రూటర్ సుమారు 100 మిల్లీవాట్ల శక్తి వదిలితే, మైనస్ 70 దగ్గర మనకి అందేది అందులో వంద కోట్లో వంతు. ఆ మాత్రంతోనే బొమ్మ కనిపిస్తోందంటే ఇంజినీర్లని మెచ్చుకోవాలి.

ఈ కొలత బోర్డు ఉన్నచోట, బోర్డు మీదే చూడాలి. సోఫాలో ఫోన్ పట్టుకుని చూస్తే ఉపయోగం ఉండదు. బోర్డుని టీవీ పక్కన బల్ల మీద పెట్టి ఒకసారి, టీవీ వెనక రేకుకి ఆనించి టేపు వేసి ఒకసారి అంకె చూడండి. పది పైన పడిపోవడం మామూలే. అందంగా ఉందని అల్యూమినియం డబ్బాలో బిగిస్తే మరింత పడుతుంది, లోహం రేడియో తరంగాల్ని దాటనివ్వదు కాబట్టి.

ఇక్కడే ఫోన్‌కీ దీనికీ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. వీడియో ఒకవైపే వస్తోంది కదా అనిపిస్తుంది. నిజానికి వచ్చినదానికల్లా "అందింది" అని బోర్డు తిరిగి జవాబు పంపాలి. ఆ జవాబు రూటర్‌కి వినబడకపోతే పంపిందే మళ్లీ పంపుతుంది. నేటి ఫోన్లలో చాలావాటికి వైఫై యాంటెన్నాలు రెండుంటాయి. మన బోర్డుకి ఉన్నది ఒక్కటే. పై-4ని వెలుతురులో పట్టుకుని చూస్తే అంచు దగ్గర రాగిపొరలో చెక్కిన గోరంత త్రికోణం కనిపిస్తుంది, అదే యాంటెన్నా. పవర్ ఎక్కువున్న రూటర్ కొంటే దాని మాట బోర్డుకి బాగా వినిపిస్తుంది గానీ, బోర్డు మాట పెరగదు. టీవీ వెనకనుంచి బయటికి తీసి, గాలి ఆడేలా అడుగు దూరం జరిపితే రెండు వైపులా లాభమే. పైసా ఖర్చు లేని వైద్యం, ఎందుకో అందరూ చివర్లోనే ప్రయత్నిస్తారు.

సిగ్నల్ మైనస్ 55 చూపిస్తున్నా సినిమా ఆగుతోందని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. సిగ్నల్ ఎంత ఉందన్నదానికన్నా చుట్టూ ఉన్న రొదకన్నా అది ఎంత పైన ఉందన్నది ముఖ్యం. ఈ రొదని ఒక్కోసారి ఆ బోర్డూ, దానికి తగిలించిన సామానే పుట్టిస్తాయి. సినిమాలున్న హార్డ్‌డిస్కుని పై-4కి ఉన్న నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో పెడతాం. యూఎస్‌బీ 3లో సమాచారం సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పరుగెడుతుంది. ఆ పరుగులోంచి పుట్టే రేడియో రొద చాలా వెడల్పుగా పరుచుకుని, వైఫై పాత బ్యాండైన 2.4 గిగాహెర్ట్జ్‌ని కూడా కమ్మేస్తుంది. 2012లో ఇంటెల్ దీనిమీద ఒక పత్రమే ప్రచురించింది. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు తగిలిస్తే ఆ బ్యాండులో రొద దాదాపు 20 డెసిబెల్స్, అంటే వంద రెట్లు, పెరగడం అందులో చూపించారు. రూటర్ పక్కింటికి పారిపోయినంత నష్టం ఇది, అంకె మాత్రం మైనస్ 55 దగ్గరే నిక్షేపంగా ఉంటుంది.

హెచ్‌డీఎంఐ తీగదీ ఇదే కథ. పై-4 వచ్చిన 2019లోనే, నవంబరులో, ఒక చిత్రమైన ఫిర్యాదు బయటికొచ్చింది. మానిటర్‌ని 2560 x 1440 రిజల్యూషన్‌లో పెట్టగానే బోర్డు వైఫై పడిపోయేది, రిజల్యూషన్ మారిస్తే తిరిగొచ్చేది. ఆ రిజల్యూషన్‌లో హెచ్‌డీఎంఐ నుంచి లీకయ్యే తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మొదటి చానెల్ దగ్గర పడటమే కారణం. మీ ఇంట్లో రొద పుట్టిస్తున్నది హార్డ్‌డిస్కేనేమో చూసుకోవడం కష్టం కాదు. హార్డ్‌డిస్కు పీకేసి, అదే సినిమాని వేరేచోటి నుంచి ఆడించి చూడండి. తేడా కనిపిస్తే డిస్కుని పొడుగు తీగతో బోర్డుకి దూరంగా జరపాలి, లేదా నల్ల రంగు యూఎస్‌బీ 2 రంధ్రంలోకి మార్చాలి. సినిమాకి ఆ వేగం ఎక్కువే.

అంతకన్నా మంచి మార్గం 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి మారిపోవడం. పై-3, పై జీరో డబ్ల్యూ, పై జీరో 2 డబ్ల్యూ బోర్డులకి ఆ అవకాశం లేదు, వాటికి 2.4 ఒక్కటే తెలుసు. 2018లో వచ్చిన పై-3బీ ప్లస్ నుంచి రెండూ ఉన్నాయి. ఆ బోర్డు విడుదలప్పుడు తయారీదార్లే ప్రకటించిన కొలతల ప్రకారం, పై-3 వైఫై 35 ఎంబీపీఎస్ చిల్లర ఇస్తే కొత్తది 5 గిగాహెర్ట్జ్ మీద 102 ఇచ్చింది. 40 అడిగే బ్లూరే ఫైలు ఒకదాంట్లో ఎందుకు ఆగుతుందో, ఇంకోదాంట్లో ఎందుకు ఆడుతుందో వేరే చెప్పక్కర్లేదు. బోర్డు సెట్టింగుల్లో వైఫై దేశం ఇండియా అని ఉందో లేదో చూసుకోండి. ఏ చానెళ్లు వాడొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది, తప్పు దేశం పెడితే మీ రూటర్ వాడే 5 గిగాహెర్ట్జ్ చానెల్ దానికి కనిపించకపోవచ్చు.

2.4 మీదే ఉండక తప్పనివాళ్లకి అపార్ట్‌మెంటే పెద్ద శత్రువు. ఈ బ్యాండుని మన దేశంలో 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలేశారు. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఒవెన్ అన్నీ అక్కడే. చానెళ్లు 13 ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, పక్కపక్క చానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో వైఫై ఆక్రమించేది 20. ఒకదానిమీద ఒకటి పడకుండా సర్దుకోవడానికి మామూలుగా వాడేవి 1, 6, 11. ఒకే చానెల్ మీద ఉన్నవాళ్లది ఒక్క మైకున్న సభ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, పై ఫ్లోర్ వాళ్లయినా సరే. నత్తినత్తిగా మాట్లాడే పాత ఫోన్ ఒకటి మైకు పట్టుకుంటే సభంతా దానికోసం కాచుక్కూర్చోవాలి. రాత్రి తొమ్మిదింటికే సినిమా ఆగుతుందీ, తెల్లారుజామున ఆగదూ అంటే కారణం ఇది కావచ్చు. యాప్‌లో చూసి ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నదానికి రూటర్‌ని మార్చుకోవచ్చు. వెడల్పు 40 అని పెట్టి ఉంటే 20కి దించండి. చానెల్ వెడల్పు పెరిగితే వేగం పెరగాలి గానీ, ఈ రద్దీలో జరిగేది తగువే.

5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ. గోడలంటే మాత్రం దానికి ఎక్కువ భయం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటితే తట్టుకుంటుంది, రెండోదానికి నీరసిస్తుంది. ఇనప చువ్వల స్లాబు దాటి మేడ మీదికి వెళ్లాలంటే ఇంకా కష్టం. మన ఇళ్లలో కేబుల్ కుర్రాడు వైరు ఎక్కడినుంచి లోపలికి వస్తే అక్కడే, వీధి గుమ్మం పక్కన, పెట్టె మేకుకి తగిలించి పోతాడు. టీవీ హాల్లో, మధ్యలో ఇనప బీరువా, దానికి నిలువెత్తు అద్దం. అద్దం వెనక పూత కూడా లోహమే. పది మీటర్ల వైరు అదనంగా ఇప్పించి పెట్టెని హాల్లోకి జరిపించుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఎత్తుగా, వాటర్ ఫిల్టర్‌కీ ఫ్రిజ్‌కీ దూరంగా ఉంటే మంచిది. నీళ్లు కూడా ఈ తరంగాల్ని బాగా మింగేస్తాయి.

ఇన్ని చేసినా ఆగుతుంటే దుకాణంవాళ్లు రిపీటర్ అంటగడతారు. మధ్యలో ఉండి విన్నదాన్ని తిరిగి చెప్పే పెట్టె అది. చవకరకంలో వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో ఉంటుంది కాబట్టి వేగం సగానికి సగం పోతుంది. చాలామంది దాన్ని సిగ్నల్ లేని టీవీ పక్కనే పెడతారు. దానికే వినిపించనిది అదేం చెబుతుంది? పెడితే దారి మధ్యలో పెట్టాలి.

నా మటుకు నేను ఆ డబ్బుతో లాన్ కేబుల్ కొంటాను. క్యాట్ 5ఈ రకం తీగ వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. బల్లపరుపుగా ఉండేది దొరికితే స్కర్టింగ్ వెంట అంటించుకుంటూ, తలుపు కింది సందులోంచి లాక్కోవచ్చు. పై-3 వైరు రంధ్రం 100 ఎంబీపీఎస్ దాటదు, అయినా మన సినిమాకి రెండింతలు చాలు. పై-4లో పూర్తి గిగాబిట్ వస్తుంది. పై జీరోలకి అసలు ఆ రంధ్రమే లేదు. వాటికి యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొనాలి, అది కొనేటప్పుడు యూఎస్‌బీ 2దే అడిగి తీసుకోండి.