నలభై షేర్ల మనిషి

మన విద్యార్థి సంఘం మిత్రులు వార్షిక సంచికకు ఏదైనా రాయమంటే, షేర్ల గురించి రాస్తానన్నాను. "ఏ షేరు పెరుగుతుందో చెప్తారా సార్?" అన్నారు ఎంతో ఆశగా. ఆ రహస్యం తెలిస్తే ఇన్నేళ్ళుగా కామర్సు పాఠాలు చెప్పుకుంటూ ఎందుకుంటానండీ! నేను రాయదలచింది వేరు.

మా ఎదురింట్లో రిటైరైన హెడ్మాస్టరుగారొకరున్నారు. పింఛనులో మిగిల్చి ఏడెనిమిది కంపెనీల్లో కొద్దికొద్దిగా వాటాలు కొన్నారు. ఓటు వేయమని కంపెనీ నుంచి నోటీసు వచ్చినప్పుడల్లా ఫోను పట్టుకుని మా వరండాలోకి వస్తారు. కిందటి నెల వచ్చి, "లెక్చరరుగారూ, నాకున్నవి నలభై షేర్లు. నా ఓటుకి ఎవడు భయపడతాడండీ?" అని నిలదీశారు.

జవాబు చెప్పాలంటే హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్యం కంప్యూటర్స్ సంగతి ఎత్తుకోక తప్పదు. మన పాత విద్యార్థులకు ఇది జ్ఞాపకమే. ఇప్పుడు చదువుతున్న పిల్లలకు మాత్రం పాఠ్యపుస్తకంలో రెండు పేరాలు.

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డైరెక్టర్లు మేటాస్ పేరుగల రెండు సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించారు. ఆ రెండూ ఛైర్మను రామలింగరాజు కుటుంబానికి సంబంధించినవే. సత్యంలో ఆ కుటుంబపు వాటా అప్పటికి నూటికి తొమ్మిది కూడా లేదు. అంటే నూటికి తొంభైమంది సొమ్ముతో ఇంటివాళ్ళ ఆస్తి కొనడమన్నమాట! వాటాదారుల్ని అడక్కుండానే పని కానిచ్చేద్దామనుకున్నారు. ఆ కబురు బయటికొచ్చేసరికి మన మార్కెట్లు మూసేశారు. న్యూయార్కులో మాత్రం అప్పుడే తెరిచారు. అక్కడ సత్యం ధర సగానికి పైగా పడిపోయింది. తెల్లవారేసరికి ప్రతిపాదన రద్దయింది. మన చిన్న మదుపరి నిద్రలో ఉండగానే తగువు మొదలై, ముగిసిపోయింది కూడా.

అసలు పిడుగు 2009 జనవరి 7న పడింది. బ్యాంకుల్లో ఉందని పద్దుల్లో చూపించిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనే లేవని రాజుగారే ఉత్తరం రాశారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గర తేలింది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. ఆ కంపెనీ లెక్కలు దాచిపెట్టలేదు. మూడు నెలలకోసారి పత్రికల్లో ప్రకటించేది. పేరుమోసిన ఆడిటర్లు సంతకాలు పెట్టారు. కంపెనీ పాలన బాగుందని 2008లో గోల్డెన్ పీకాక్ బహుమతి కూడా ఇచ్చారు (తరవాత వెనక్కి తీసుకున్నారు లెండి). పారదర్శకత అంటే అంకెలు అచ్చువేయడమే అయితే దానికి లోటేమీ లేదు. బ్యాంకులో ఆ డబ్బుందా అని బ్యాంకునే సూటిగా అడిగి, వచ్చిన జవాబును సరిచూసినవాళ్ళు లేకపోయారు. మా హెడ్మాస్టరుగారి మాటల్లో, "హాజరు పట్టీ చూశారు గానీ, క్లాసులో తలలు లెక్కపెట్టలేదు."

తరవాత ప్రభుత్వం చురుగ్గానే కదిలింది. కొద్దిరోజుల్లోనే పాత బోర్డును తీసేసి కొత్తవాళ్ళను వేసింది. 2009 ఏప్రిల్లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయల లెక్కన కంపెనీని చేజిక్కించుకుంది. ఉద్యోగాలు, ఖాతాదారులు చాలామటుకు నిలిచాయి. 1,849 కోట్ల అక్రమ లాభాన్ని వడ్డీతో కట్టమని సెబీ 2014లో ఉత్తర్వు వేసింది. దాని మీద అప్పీళ్ళు ఏళ్ళ తరబడి సాగాయి. 2015 ఏప్రిల్లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది.

మరి 179కి కొని 40కి అమ్ముకున్నవాడి సంగతో? సెబీ వసూలు చేసే సొమ్ము దాని నిధికి చేరుతుందే గాని, నష్టపోయిన ప్రతివాడి ఇంటికీ దానంతటదే నడిచిరాదు. మదుపరుల సంఘం ఒకటి జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళింది. ఇది మా పరిధి కాదన్నారు. సుప్రీంకోర్టుకు వెళ్ళినా 2009లో వట్టి చేతులతోనే తిరిగొచ్చింది. అదే కంపెనీ కాగితాలు న్యూయార్కులో కొన్నవాళ్ళు అక్కడ ఉమ్మడి దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్లు 2.55 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడ్డారు. ఒకే మోసం, ఒకే కంపెనీ. కొన్న ఊరిని బట్టి న్యాయం మారింది. స్టాకు మార్కెట్టు జూదమని మనవాళ్ళు ఊరికే అనరు. ధర పడినందుకు అంత బాధ లేదు, అడిగే చోటు లేకపోవడమే కడుపుమంట.

అప్పటి నుంచి చట్టం మారలేదనడం అన్యాయం. 2013 కంపెనీల చట్టం, ఆ పైన సెబీ నిబంధనలు కొన్ని గట్టి పనులే చేశాయి. ఇప్పుడు యజమాని కుటుంబం తన మరో సంస్థతో పెద్ద లావాదేవీ చేయాలంటే వాటాదారుల అనుమతి కావాలి. ఆ తీర్మానాన్ని నెగ్గించడానికి యజమాని వర్గం ఓట్లు పనికిరావు. మేటాస్ వ్యవహారం ఇవాళ జరిగితే నిర్ణయం మిగిలినవాళ్ళ చేతిలో ఉంటుందన్నమాట. మిగిలినవాళ్ళలో మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలే పెద్దలనుకోండి. అయినా నలభై షేర్లకు అంతకుముందు లేని బరువొచ్చింది. 2024లో మన దేశంలో డీమ్యాట్ ఖాతాలు 15 కోట్లు దాటాయి. అందులో తీర్మానాలు చదివి ఓటువేసే వారెందరని అడిగితే మాత్రం నేను తల దించుకోవాలి. నేనూ చాలాకాలం వెయ్యలేదు.

ఉమ్మడి దావాకు కూడా 245వ సెక్షన్ కింద దారి వేశారు. అది 2016లో అమల్లోకి వచ్చింది. నూరుమంది సభ్యులు కలిస్తే చాలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, సభ్యుల్లో నూటికి అయిదుగురు అంతకన్నా తక్కువైతే ఆ మాత్రం చాలు. కాని ఆ దారిన నడిచినవాళ్ళు బహుకొద్ది మంది. వకీలు ఖర్చు ముందు ఎవరు పెట్టుకుంటారు, ఊరూరా ఉన్న నూరుమందిని ఎవరు పోగుచేస్తారు? అమెరికాలో గెలిస్తే వచ్చిన దాంట్లో వకీలు వాటా తీసుకుంటాడు. మన దగ్గర ఆ పద్ధతికి అనుమతి లేదు. కనక ఖర్చుకు భయపడి ఎవరి నష్టం వాళ్ళు మింగుతారు.

ఇదంతా విని హెడ్మాస్టరుగారు ఫోను తీశారు. ఓటీపీ మూడోసారికి వచ్చింది. వాళ్ళ తీర్మానం యజమాని బంధువుల గోదాములు అద్దెకు తీసుకోవడం గురించి. కాగితం పూర్తిగా చదివి, అద్దె ఎక్కువనిపించి, వ్యతిరేకంగా ఓటేశారు. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగారు.

"నూరుమందే కదండీ? మా పెన్షనర్ల సంఘంలో అంతకు రెట్టింపున్నాం. అందరం ఒకే కంపెనీలో కొన్నామా అన్నదే కనుక్కోవాలి."